నడిసముద్రం నుంచి ఒక కబురు

ఎలీసమ్మకి సముద్రం అంటే పడదు. కువైట్‌కి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. శుక్రవారం ఫర్వానియాలో ప్రార్థన కూడిక అయ్యాక తోటి ఆడవాళ్లంతా బస్సెక్కి సముద్రపొడ్డుకి వెళ్తారు. ఫొటోలు దిగుతారు, మొక్కజొన్న పొత్తులు తింటారు. ఎలీసమ్మ ఒక్కసారి కూడా వాళ్లతో వెళ్లలేదు. "నాకు తలనొప్పిగా ఉందండి, మీరెళ్లి రండి" అంటుంది. ఆ తలనొప్పి సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ బలవంతపెట్టరు.

ఆమెది కోనసీమలో ఓడలరేవు. భర్త సైమన్ వేటకి వెళ్లేవాడు. తొంభై ఆరు తుఫానప్పుడు వెళ్లినవాడు మరి రాలేదు. శవం కూడా దొరకలేదు. అప్పటికి ఆమె చంకలో ఏడాది పిల్లాడు. కొన్నేళ్లు రొయ్యల కంపెనీలో చేసింది. తర్వాత పిల్లాణ్ణి తల్లి దగ్గర వదిలి కువైట్ విమానం ఎక్కింది. కొన్ని ఇళ్లు మారాక, అర్దియాలో ఒక ముసలాయన్ని చూసుకునే పనిలో కుదురుకుంది.

ముసలాయన పేరు జాసిమ్. ఎనభైకి దగ్గరపడ్డాడు. ఒంట్లో జబ్బు లేదు, మతిమరుపు తప్ప. తిన్నది మరిచిపోతాడు, కొడుకుని చూసి ఎవరో అతిథి అనుకుని లేచి కూర్చోబెడతాడు. కోపం లేదు, అరుపులు లేవు. అలాంటి మనిషిని చూసుకోవడం కష్టం కాదు.

పనిలో చేరిన రోజే ఆయన కొడుకు బదర్ ఆమెని దివానియాలోకి తీసుకెళ్లాడు. బయటి మగవాళ్లు వచ్చి కూర్చునే పెద్ద హాలది. గోడ మీద ఒక ఫొటో ఉంది. చిన్న తెరచాప పడవ, దాని మీద చొక్కా లేని కుర్రాడు, మాసిన గడ్డం.

"ఇది మా నాన్న. ఈ పడవలో ఒక్కడే ప్రపంచమంతా చుట్టి వచ్చాడు. నేను పసిపిల్లాడిగా ఉన్నప్పుడు. ఎవరైనా వచ్చి ఆయనతో ఫొటో దిగుతామంటే దిగనివ్వు" అన్నాడు బదర్.

"ఒక్కరేనా? తోడెవరూ లేకుండానా?"

"ఎవరూ లేరు."

"ఎవరు పంపారు బాబూ?"

"ఎవరూ పంపలేదు. తనే వెళ్లాడు."

"చేపలకా?"

బదర్ నవ్వాడు. "చేపలక్కాదు."

"మరెందుకు?"

"అది మా అమ్మని అడుగు" అని ఫోన్ మోగితే బయటికి వెళ్లిపోయాడు.

ఎలీసమ్మ అడగలేదు. ఫొటో కింద గాజు బీరువాలో ఒక ఇత్తడి పరికరం ఉంది. దాని పేరు సెక్స్‌టంట్ అని తర్వాత తెలిసింది. పగలు సూర్యుడి ఎత్తు, చీకటిపడే వేళ చుక్కల ఎత్తు దాంతో కొలిచి, నడిసముద్రంలో తానెక్కడున్నాడో జాసిమ్ లెక్క కట్టుకునేవాడట. ఇప్పుడు ఫోన్ చెప్పే సంగతి అప్పట్లో అలా తెలుసుకోవాల్సి వచ్చేది. ఆ బీరువా తుడిచేటప్పుడల్లా ఎలీసమ్మకి లోపల ఏదో మండేది. ఆమె ఊళ్లో ఎవరూ సరదాకి సముద్రం మీదకి పోరు. ఇంట్లో బియ్యం ఉండి, పెళ్లాం ఉండి, పసివాడు ఉండి, తనంతట తాను వెళ్లిన మనిషిని ఆమె అంతకుముందు చూడలేదు. అయినా స్నానం చేయించేది, చేప ముల్లు తీసి అన్నంలో కలిపి పెట్టేది, గోళ్లు తీసేది. ఎందులోనూ లోటు చెయ్యలేదు.

ఇంటి పెత్తనమంతా జాసిమ్ భార్య లులువాది. అక్కడ పనివాళ్లు యజమానుల్ని పిలిచే తీరులో ఎలీసమ్మ ఆమెని మామా అని, జాసిమ్‌ని బాబా అని పిలుస్తుంది. లులువా మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడుస్తుంది కానీ కళ్లు చురుకు. భర్త మందుల విషయంలో ఒక్క పూట కూడా ఏమరుపాటు లేదు. ఆయన పక్కన కూర్చుంటుంది, టీ పోస్తుంది. ఆయన సముద్రం గురించి ఏదైనా ఎత్తితే మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. పడవ అల్ రాయ్‌లో ఒక అద్దె యార్డులో ఉంది. ఇంటి నుంచి కారులో ఎంతో దూరం లేదు. అది వచ్చి అక్కడ చేరిన ఇన్నేళ్లలో లులువా ఒక్కసారి కూడా దాన్ని చూడటానికి వెళ్లలేదు.

డిసెంబరులో ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర బదర్ చెప్పాడు. "యార్డు ఖాళీ చెయ్యమంటున్నారు. పడవని ఎవరో హోటల్ వాళ్లు అడుగుతున్నారు. ముందు గుమ్మంలో అలంకారానికి పెట్టుకుంటారట. ఇచ్చేద్దామా?"

"ఇచ్చెయ్యి" అంది లులువా.

జాసిమ్ తల ఎత్తలేదు. చేప తింటున్నాడు. ఆయనకి వినపడిందనే ఎవరూ అనుకోలేదు.

మర్నాడు పొద్దున ఎలీసమ్మ బట్టలు ఆరేసి వచ్చేసరికి ఆయన గదిలో లేడు. దివానియాలో లేడు. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన తప్పిపోతే ఎక్కడున్నాడో ఫోన్లో చూపించే గడియారం ఒకటి బదర్ తెచ్చి చేతికి కట్టాడు. అది తీసి వాష్‌బేసిన్ పక్కన జాగ్రత్తగా పెట్టి ఉంది. గాజు బీరువాలో సెక్స్‌టంట్ లేదు, దాని చెక్కపెట్టె కూడా లేదు.

ఎలీసమ్మ వంటింటి వైపు పరుగెత్తింది. "మామా, బాబా లేరు" అని అరిచింది.

బదర్ ఆఫీసు నుంచి పరుగున వచ్చాడు. పోలీసులకి చెప్పాడు, ఆసుపత్రులకి ఫోన్లు చేశాడు. "సముద్రం దగ్గరికే వెళ్లి ఉంటాడు" అని డ్రైవర్‌ని తీసుకుని పడవల రేవు వైపు వెళ్లాడు. ఇల్లు నిశ్శబ్దమైంది. లులువా కుర్చీలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుతోంది. కాసేపయ్యాక ఆపింది.

"సముద్రం దగ్గర ఉండడు. పడవ దగ్గర ఉంటాడు. టాక్సీలో వెళ్లు" అంది.

"మీరూ రండి మామా."

"నువ్వు వెళ్లు."

అల్ రాయ్‌లో కార్ల షెడ్లు, సామాన్ల గోడౌన్లు దాటుకుని, అడ్రసు చూపిస్తూ ఎలీసమ్మ ఆ యార్డు చేరింది. గేటు దగ్గర కాపలా మనిషి స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆమె అరబీలో అడగబోయి, పక్కనున్న సంచీ మీద తెలుగు అక్షరాలు చూసి ఆగింది.

"మీరు తెలుగువారాండీ?"

"తెలుగోల్లమే అక్కా. పెంచల్ నా పేరు, రైల్వే కోడూరు."

"ఇక్కడికి ఓ ముసలాయన వచ్చారాండీ? తెల్లటి పొడుగు దిష్‌దాషా, చేతిలో చెక్కపెట్టె..."

"ఆయప్పనా! పొద్దన్నే టాక్సీలో దిగినాడు. యల్లా, తాళం తీయ్ అన్న్యాడు. పడవ ఓనరే గదాని తీసినా. నిచ్చెనేసుకోని పైకెక్కినాడు. నేను వద్దు బాబా, పడతావ్ అంటే వినల్యా. ఏమక్కా, చెప్పకుండా వచ్చినాడా ఏంది?"

"చెప్పకుండానే వచ్చారండి. ఇల్లంతా గోలగోలైపోతంది."

"అయ్యో, నాకేం తెల్సు. పో, పైనే ఉండాడు."

పడవ ఇనుప స్టాండు మీద నిలబెట్టి ఉంది. టార్పాలిన్ సగం లాగేసి ఉంది. ఫొటోలో కన్నా చిన్నగా, మాసిపోయి ఉంది. ఎలీసమ్మ నిచ్చెన దగ్గర నిలబడింది. సైమన్ పోయిన దగ్గర్నుంచి ఆమె పడవ మీద కాలు పెట్టలేదు. గోదావరి దాటాల్సి వస్తే చుట్టూ తిరిగి వంతెన మీదుగానే వెళ్లేది. కింద నుంచి "బాబా! బాబా!" అని పిలిచింది. చున్నీ నడుముకి బిగించి, నిచ్చెన పట్టుకుని ఎక్కింది.

జాసిమ్ వెనక భాగంలో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, ఇత్తడి పరికరం కంటికి ఆనించి ఎండలోకి చూస్తున్నాడు. కదలొద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆమె కదల్లేదు. కాసేపటికి "మధ్యాహ్నమైంది" అని పరికరం దించాడు. కొద్దిసేపట్లోనే చుట్టుపక్కల మసీదుల నుంచి అజాన్ మొదలైంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. ఆమె వైపు తిరిగి, దూరంగా ఉన్నవాళ్లని పలకరించినట్టు గొంతు పెంచాడు.

"మీది ఏ ఓడ?"

"బాబా, నేను ఎలీసమ్మని."

"ఆ పేరుతో ఓడ ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు. ఏ దేశం జెండా?"

ఆమె "ఇండియా" అంది.

"మంచిది. ఇండియా వాళ్లు సముద్రం ఎరిగినవాళ్లు."

ఆమె సంచీలోంచి నీళ్ల సీసా, మాత్రలు తీసింది. ఆయన మర్యాదగా వద్దన్నాడు. "నా దగ్గర నీళ్లున్నాయి. వానొస్తే ఇంకా పట్టుకుంటాను. మీకే తక్కువైతే చెప్పండి, ఒక కప్పు ఇస్తాను."

ఎలీసమ్మ భయమంతా ఒక్కసారిగా కోపమైంది. "ఇంట్లో పెళ్లాం ఉంది, పసిపిల్లాడు ఉన్నాడు. ఎవరూ పంపకుండా ఇక్కడికెందుకు వచ్చారు?" అని అరబీలో అడిగింది. అరబీ సరిపోలేదు. మిగతాదంతా తెలుగులోనే వచ్చేసింది. "మా ఆయనంటే తిండి లేక ఎళ్లాడండి! గాలి తేడాగా ఉందని తెలిసి కూడా ఎళ్లాడు, ఇంట్లో గింజలు లేవని. మీకేం తక్కువైందండి? ఏం తక్కువైందని ఎళ్లారు?"

జాసిమ్ తల కొంచెం వంచి, పరాయి దేశపు నావికుడి మాట వింటున్నట్టు శ్రద్ధగా విన్నాడు.

"మీ మాట నాకు అర్థం కాలేదు" అన్నాడు. "కోపంగా ఉన్నారని తెలుస్తోంది. మనిషి గొంతు విని చాలా కాలమైంది. కోపమైనా వినడానికి బాగానే ఉంది."

ఎలీసమ్మ పడవ అంచు మీద కూలబడింది. కింద పెంచల్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"భయం వెయ్యదా?" అని అడిగింది చివరికి.

"మొదట్లో వేసింది. చూపించుకోవడానికి ఎవరూ లేకపోయేసరికి అదే పోయింది."

"ఇల్లు గుర్తుకు రాదా?"

ఆయన దిష్‌దాషా అంచుతో పరికరం అద్దం తుడుస్తూ ఉండిపోయాడు. తుడవాల్సినంత మురికి దాని మీద లేదు.

"మీ తర్వాతి రేవు ఏది?" అని అడిగాడు.

"కువైట్."

ఆయన ముఖం మారింది. ఒక అడుగు ముందుకు వచ్చాడు. "అయితే నాకొక పని చేసిపెట్టాలి. అక్కడ నా భార్య ఉంటుంది, లులువా. జాసిమ్ బతికే ఉన్నాడని చెప్పండి. తెరచాప కొయ్య విరిగింది, చేతులూ కాళ్లూ బాగానే ఉన్నాయి. రావడం ఆలస్యమవుతుంది. ఎదురుచూడమని చెప్పే ముఖం నాకు లేదు. బతికున్నానని మాత్రం చెప్పండి. చెబుతారా?"

"చెప్తాను" అంది ఎలీసమ్మ.

"మరిచిపోరు కదా?"

"మరిచిపోను."

ఆయన తృప్తిగా తల ఊపి తన చోటుకి వెళ్లి కూర్చున్నాడు. ఆ తర్వాత ఆమె ఎంత బతిమాలినా కిందికి దిగలేదు. నడిసముద్రంలో పడవ వదిలి ఎవరు దిగుతారని ఎదురు ప్రశ్న వేశాడు.

ఎలీసమ్మ లులువాకి ఫోన్ చేసింది. దొరికాడని, క్షేమమని, దిగనంటున్నాడని చెప్పింది. ఒక్క క్షణం ఆగి, ఆయన చెప్పమన్నది కూడా మాట తేడా లేకుండా చెప్పింది. ఫోన్ కట్ అయిందేమోనని "మామా?" అంది.

"వస్తున్నాను" అంది లులువా.

లులువా కూడా టాక్సీలోనే వచ్చింది. కారు దిగి, పెంచల్ వేసిన స్టూలు వద్దని, నడుచుకుంటూ పడవ దగ్గరికి వచ్చి నిలబడింది. దాన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. "ఇంతేనా?" అంది తనలో తాను. నిచ్చెన ఎక్కడానికి ఆమె మోకాళ్లు ఒప్పుకోవు. తల పైకెత్తి పిలిచింది.

"జాసిమ్!"

ఆయన అంచు మీదుగా కిందికి చూశాడు. "మీది ఏ ఓడ?"

"ఓడ కాదు" అంది లులువా. "ఒడ్డు."

"ఏ ఒడ్డు?"

"కువైట్. వచ్చేశావు. ఇంక దిగు."

ఆయన చాలాసేపు ఆమెనే చూశాడు. తర్వాత పరికరాన్ని పెట్టెలో సర్ది, మూత బిగించి, పెట్టెని ఎలీసమ్మకి ఇచ్చాడు. నిచ్చెన మీద ఒక్కో మెట్టూ వెనక్కి చూసుకుంటూ దిగాడు. పెంచల్ కింద కాళ్లు పట్టుకున్నాడు. నేల మీద నిలబడ్డాక లులువా ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఆమెని గుర్తుపట్టాడో లేదో ఎలీసమ్మకి తెలియలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

కారులో ఆయన అద్దానికి తల ఆనించి నిద్రపోయాడు. బదర్‌కి ఫోన్ చేసి చెప్పాక లులువా రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. తర్వాత, ఎవరూ అడక్కుండానే, మాట్లాడటం మొదలుపెట్టింది.

"చిలీ దేశం రేవు నుంచి వచ్చిన ఉత్తరమే ఆఖరిది. తర్వాత ఏమీ లేదు. ఒక ఎండాకాలం గడిచింది, ఒక చలికాలం గడిచింది. మా అత్త ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. అందరూ పోయాడన్నారు. నేను ఒప్పుకోలేదు. పిల్లాణ్ణి ఎత్తుకుని మేడ మీద నిలబడేదాన్ని. అక్కడి నుంచి సముద్రం కనపడదు. అయినా నిలబడేదాన్ని. తర్వాత వచ్చాడు. ఊరంతా దివానియాకి వచ్చింది. వాళ్లందరి ముందూ నవ్వుతూ చెప్పాడు. కొయ్య విరిగిన తర్వాత ఒక జపాన్ ఓడ దగ్గరికి వచ్చి ఆగిందట. ఏమైనా కావాలా, ఎవరికైనా కబురు చెప్పాలా అని అడిగారట. అక్కర్లేదని చెయ్యి ఊపాడట. ఒంటరిగా చుట్టి వస్తానని బయల్దేరినవాడు సాయం అడగొచ్చా అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. నేను తలుపు వెనక ఉండి విన్నాను."

ఎలీసమ్మ ఒళ్లో పెట్టె పట్టుకుని కూర్చుంది. "ఇప్పుడైనా పంపారు కదా మామా."

"పంపాడు. ఆలస్యమవుతుందని తనే అన్నాడు కదా."

"కోపం పోయిందా?"

"ఎక్కడికి పోతుంది, ఇన్నేళ్లది? విన్నాను, అంతే." సిగ్నల్ దగ్గర కారు ఆగింది. లులువా ఆమె వైపు తిరిగింది. "నీ భర్త నీకేమైనా చెప్పి పంపాడా?"

"ఎవరితో పంపుతాడు మామా? పడవ తిరగబడింది." ఎలీసమ్మ ఒళ్లో పెట్టెని సరిచేసుకుంది. "ఒకతను మాత్రం ఈదుకుంటూ వచ్చాడు. పాల్‌రాజు అని. మా వీధిలోనే ఉంటాడు. నేనెప్పుడూ అడగలేదు."

"ఎందుకు?"

"ఏం చెప్తాడోనని."

లులువా అడగమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఆ శుక్రవారం ఎలీసమ్మ కూడికకి వెళ్లలేదు. మధ్యాహ్నం తన గదిలో కూర్చుని కొడుక్కి ఫోన్ చేసి పాల్‌రాజు నంబరు తీసుకుంది. ఆయన ఇప్పుడు వేట మానేసి వలలు బాగుచేస్తూ ఇంటి దగ్గరే ఉంటున్నాడు.

"పాల్‌రాజన్నా, నేను ఎలీసమ్మని. కువైట్ నుంచి."

"ఏమ్మా, బాగున్నావా? అబ్బాయి మొన్నే కనపడ్డాడు."

"బాగున్నానన్నా. ఒక మాట అడుగుదామని చేశాను. ఆ రోజు... ఆఖర్న మా ఆయన ఏమన్నాడన్నా?"

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినపడింది. "ఇన్నేళ్లకి అడిగావేంటమ్మా? ఎప్పుడడుగుతావో, ఏం చెప్పాలో అని నేనూ చూశాను. మరి అడగలేదు నువ్వు."

"ఇప్పుడు అడుగుతున్నాను. నిజం చెప్పన్నా."

"నిజమంటే... ఏమీ అనలేదమ్మా. పడవలో నీళ్లు తోడతా ఉన్నాడు. మేం చేతులు పడిపోయి ఆపేశాం. ఆడు ఆపలేదు. 'తోడండ్రా, ఆపకండ్రా, ఒడ్డు దగ్గరే' అంటానే ఉన్నాడు. ఒడ్డు దగ్గర కాదు, చాలా దూరం. పెద్ద అల వచ్చింది. అంతే. నీకని ఏదన్నా చెప్పుంటే నేను దాచుకుంటానా తల్లీ?"

"దాచుకోవన్నా. ఉంటాను."

ఫోన్ పక్కన పెట్టి ఎలీసమ్మ మంచం మీద కూర్చుండిపోయింది. ఇన్నేళ్లూ ఆమె రెండు రకాలుగా ఊహించుకుంది. తన పేరు పిలుస్తూ పోయాడని కొన్నాళ్లు. బియ్యం లేవని పొద్దున తను అన్న మాట తలుచుకుని తిట్టుకుంటూ పోయాడని కొన్నాళ్లు. రెండూ కాదు. ఇంటికి రావడానికి నీళ్లు తోడుతూ పోయాడు. తలుచుకునే తీరిక కూడా లేకుండా, రావాలనే చూశాడు. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. ఆకలి వేసింది. వంటింట్లోకి వెళ్లి పెరుగన్నం కలుపుకుని, ఒంటరిగా, నెమ్మదిగా తింది.

పడవ హోటల్‌కి వెళ్లిపోయింది. ఆపుదామా అని బదర్ తల్లిని మళ్లీ అడిగితే, దానితో తనకేం పని అంది. లారీ మీద ఎక్కించేటప్పుడు పెంచల్ వీడియో తీసి ఎలీసమ్మకి పంపాడు. ఆమె అది చూసి ఎవరికీ చూపించలేదు. జాసిమ్ దాని గురించి అడగలేదు. వీధి తలుపుకి పైన ఇంకో గడియ పెట్టించారు.

లులువాలో మాత్రం ఒక మార్పు వచ్చింది. పొద్దున టీ తాగేటప్పుడు జాసిమ్ సముద్రం మాట ఎత్తితే లేచి వెళ్లడం మానేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని తనే అడగడం మొదలుపెట్టింది. కొన్ని జరిగినవే చెప్పేవాడు, కొన్ని కల్పించేవాడు, తేడా ఆయనకీ తెలియదు.

"ఈ రోజు ఎక్కడున్నావు?" అంది ఒకనాడు.

"ఒక దీవి దగ్గర ఆగాను."

"మనుషులున్నారా?"

"ఉన్నారు. ఆడవాళ్లు తెరచాప కుట్టిపెట్టారు."

"అందంగా ఉన్నారా?"

జాసిమ్ నిజంగానే ఆలోచించాడు. "కుట్టు బాగా కుట్టారు" అన్నాడు.

లులువా నవ్వింది. ఆ ఇంట్లో చేరిన ఇన్నేళ్లలో ఎలీసమ్మ ఆ నవ్వు వినడం అదే మొదలు. మాత్రలు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. లులువా ఆమెని కూడా కూర్చోమని సైగ చేసి, ఆ తర్వాత ఏమైందో చెప్పమంది భర్తని.